రిక్షావాడి తెలుగు

రాయపూర్, 1983 ఆగస్టు, ఆదివారం

ఇవాళ తెలుగు సంఘంలో నా కథ చదివాను. అమ్మ ముందు వరసలో కూర్చుంది. కథలో ఇక్కడి టాటీబంధ్ పేట రిక్షావాడొకడు తన రిక్షా పోయిందని ఫ్యాక్టరీ ఇంజనీరుతో మొరపెట్టుకుంటాడు. వాడు నోరు తెరిచిన ప్రతిసారీ హాలంతా ఘొల్లున నవ్వింది. నాకు గర్వంగానే ఉంది, అమ్మ నవ్వడం లేదని చూసేదాకా.

పోయినేడు సంఘం సంచికకి ఈ ఊరి మీదే వ్యాసం రాశాను. 'పారిశ్రామిక ప్రగతికి పట్టుగొమ్మ' అన్నాను. వ్యాసంలో ఎవరూ నోరు విప్పక్కర్లేదు కాబట్టి ఏ చిక్కూ రాలేదు. కథకి మాటలు కావాలి. వాడి ఛత్తీస్‌గఢీని తెలుగులో ఎలా పలికించాలో తోచలేదు. మోటుగా ఉంటే చాలనుకుని మా ఇంటి శ్రీకాకుళం మాట వాడి నోట్లో పెట్టాను. ఇంజనీరుకి మాత్రం పుస్తకాల తెలుగు.

ఇంటికి రిక్షాలో వస్తుంటే అమ్మ అడిగింది.

"ఒరే, ఆ రిచ్చావోడు మనూరోడేట్రా? అచ్చం నానాగే మాటాడతన్నాడు."

"అవునమ్మా, మనోడే," అన్నాను.

"మరి ఆడు కట్టం సెప్పుకుంతంటే ఆల్లందరూ అలాగ నవ్వీసినారేటి?"

నవ్వాలనే రాశానని ఏ నోటితో చెప్పను? "భైయా, ఇధర్ సే లేనా," అని ముందు తొక్కుతున్న అతనికి దారి చూపించాను. రోజూ వచ్చే దారే.

ఇల్లు చేరగానే అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. రోజూ "బువ్వ తింతావేట్రా" అని కేకేసే మనిషి, ఇవాళ వంటింటి గుమ్మంలో నిలబడి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అంది:

"భోజనం చేస్తావా, బాబూ?"