శంకరన్న చెక్కిన తలుపు

శనివారం, సీబ్

కోపం ఇంకా దిగలేదు. పోయిన నెల చనిపోయిన శంకరన్న చెక్కిన తలుపు చూడటానికి ఇవాళ ఖురం పేట నుంచి ఒకావిడ గల్ఫ్‌లోని మా వర్క్‌షాప్‌కు వచ్చింది.

"ఎవరు చెక్కారు?" అని హిందీలో అడిగింది.

"మెషిన్ పని, మేడమ్" అన్నాడు సూపర్‌వైజర్.

నాకు ఒళ్లు మండింది. "మెషిన్ ఏంది సార్? మా శంకరన్న చెక్కిండు!" అన్నాను. ఆయనకు పుట్టుచెవుడనీ, చెక్క మీద అరచేయి ఆనించి ఉలి దెబ్బ తెలుసుకునేవాడనీ ఆవిడకు చెప్పాను.

"చెవిటోని ముచ్చట నీకెందుకురా? రేపట్నుంచి డ్యూటీకి రాకు" అని సూపర్‌వైజర్ అరిచాడు.

ఆవిడ మాత్రం శంకరన్న పూర్తి పేరడిగి ఫోన్‌లో రాసుకుంది. ఆయన ఇక్కడ పనిచేసిన తొమ్మిదేళ్లలో ఆయన పేరు ఎవరూ అడగలేదు. అందరికీ చెవిటోడే. మొదటి ఏడాది నేనూ, ఆయన ముందే, అలాగే పిలిచాను. ఆయన పెదాలు చూసి మాటలు చదువుతాడని తర్వాత తెలిసింది.