అతిథి ఎదుట నొప్పి లేదన్న నడుము

జిల్లా ఆరోగ్యాధికారి వారి సముఖమునకు,
సవాయి దీవి ఉత్తర తీరమున కాపురముండు గ్రామసభ వక్త తువాలా తవితా వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: నా నడుమును తిరిగి పరీక్షించి, మంగళవారపు వ్యాయామ తరగతిలో నా పేరు మరల చేర్చుట గురించి.

నేను డెబ్బై దాటినవాడను. పెద్దల సభలో మా కుటుంబం తరఫున మాట్లాడువాడను. కొన్నేళ్లుగా నడుము నొప్పితో బాధపడుచున్నాను. తమ తరగతిలో నేర్పిన కసరత్తుల వలన, వేడి కాపడం వలన కొంత తెరిపి కలిగి, నా లుంగీ నేనే కట్టుకొనగలిగితిని. ఇప్పుడు ఆ తరగతి నుండి నన్ను తొలగించినారు. అందుకు కారణమైన సంగతులు మనవి చేసుకొనుచున్నాను.

1. గత నెలలో తమరు పంపిన ఫిజియోథెరపిస్టు ఇలిసాగారు నన్ను పరీక్షించుటకు మా ఇంటికి దయచేసిరి. సముద్రం అవతల ఆక్లాండులో పుట్టి పెరిగిన మన పిల్ల, ఇక్కడి పద్ధతులు ఎరుగదు. అతిథి వచ్చినపుడు ఇంటి యజమాని తన స్తంభం ముందు బాసింపట్టు వేసుకొని నిటారుగా కూర్చుండవలెను, అతిథి వైపు కాళ్లు చాపరాదు, అతిథి లేచేవరకు లేవరాదు. ఇది తమకు నేను చెప్పవలసినది కాదు. నేను అట్లే కూర్చుంటిని.

2. "తాతగారూ, నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందంటారు?" అని ఆమె అడిగింది. "నువ్వొచ్చావు కదా తల్లీ, ఇంకా నొప్పెక్కడిది?" అన్నాను. సున్నా వేసుకుంది. కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయా, ఎప్పుడైనా పడ్డారా, నిద్ర పడుతోందా, మూత్రం ఆపుకోగలుగుతున్నారా అని వరసగా అడిగింది. అన్నిటికీ దేవుడి దయ అన్నాను. వచ్చిన పిల్లకు కోకో కప్పు ఇచ్చిన చేత్తోనే నా బాధలు కూడా అందించమంటారా?

3. ఆమె రిపోర్టులో ఇట్లున్నది: "గంటకు పైగా నేల మీద నిటారుగా, నవ్వుతూ కూర్చున్నారు. చికిత్స అవసరం లేదు." అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ నవ్వు నిలపడానికి నేనెంత పళ్లు బిగించానో మాత్రం లేదు.

4. ఆమె వెళ్లిన పిమ్మట నేను లేవలేకపోతిని. నడుములో పుట్టిన మంట ఎడమ మడమ దాకా దిగింది. నా భార్య ఫెతూ కప్పులు తీయడానికి వచ్చి, "ఆ పిల్ల వెళ్లి చాలాసేపయింది. ఇంకా ఎవరికి మర్యాద చేస్తున్నారు?" అంది. అల్లుడు వచ్చి చంకల కింద చేతులు వేసి లేపాడు. వాడి ముందు ఏడ్చాను. ఇది అర్జీలో వ్రాయదగిన సంగతియో కాదో నాకు తెలియదు.

5. అరగంటకోసారి లేచి నడవమని, లేదంటే కుర్చీ వాడమని ఆమె సలహా. మంచి సలహాయే. కానీ సభలో పెద్దలందరూ నేల మీద ఉండగా నేను లేచి తిరిగితే వారిని అవమానించినట్లు. కుర్చీ వేసుకుంటే నా తల ఊరిపెద్ద తలకన్నా పైకి పోతుంది. కూర్చుంటే నడుము పోతుంది, లేస్తే పరువు పోతుంది. పోనీ ఇంట్లో పడి ఉందామంటే, ఒంట్లో ఎలా ఉందని పలకరించడానికి ఎవరో ఒకరు వస్తారు. మళ్లీ కూర్చోవాలి. ఎటు పోను?

కావున తమరు దయతలచి నన్ను ఆసుపత్రికే పిలిపించవలెను. అక్కడ నేను అతిథిని, మర్యాద చేయవలసిన వారు తమరు. బల్ల మీద పడుకోబెట్టి, కాలు ఎత్తించి, వంగమని చెప్పి చూడండి. నా నోరు చెప్పనిది నడుము చెబుతుంది. ఆ పిమ్మట తరగతిలో చోటు ఇప్పించవలెనని ప్రార్థన. ఇలిసాగారి తప్పేమీ లేదు, ఆమెను ఏమీ అనవద్దు.

ఈ ముసలి నడుము మొర తమరు చిత్తగించవలెను.

వంగి నమస్కరించలేనందుకు మన్నింపు కోరుతూ,
తమ విధేయుడు,
తువాలా తవితా

తా.క. అయ్యా, నేను ఫెతూను. ఆయన చెబుతుంటే ఇదంతా రాశాను. అధికారితో పడుకుని మాట్లాడకూడదని, మొదటి మాట నుంచీ బాసింపట్టు వేసుకునే చెప్పారు. సంతకం పెట్టాక లేవలేకపోయారు. అల్లుడు చేపలకు పోయాడు, లేపడం నా వల్ల కావడం లేదు. మీరు పిలిపించేదాకా ఆగలేం. ఎవరినైనా పంపించండి. కానీ ముందు వాకిట్లోంచి రావద్దనండి. చెప్పకుండా వెనక వంటపాక వైపు నుంచి రమ్మనండి. వచ్చేవాళ్లు కనబడ్డారంటే ఆయన మళ్లీ నవ్వుతారు.