ట్రాక్టర్ కింద నుంచి బయటికొచ్చాను

మస్తాన్ బాబాయ్,

నువ్వు పోయాక మన నరసరావుపేటకు వచ్చిన మొదటి మునిసిపల్ ఎన్నికలివి. ప్రచారం ఊరేగింపు మన సందు మలుపు తిరిగిందంటే చాలు, నువ్వు బాగుచేస్తున్న బండి కిందకి దూరేవాడివి. "బయటికొచ్చామా, మెళ్ళో కండువా పడుద్ది. పడిందా, రెండోవాళ్ళకి పగోళ్ళమైపోతాం రా" అనేవాడివి. నిన్న నేనూ అలాగే నకరికల్లు రైతు ట్రాక్టర్ కింద పడుకున్నాను.

కానీ ఈ ఛైర్మన్ అభ్యర్థి వెళ్ళిపోలేదు, బాబాయ్. గొంతుక్కూర్చుని నా కాళ్ళతోనే మాట్లాడాడు. కుర్రాళ్ళకు పని నేర్పే సెంటరు పెడతాడట. మునిసిపల్ షాపులు ఏ పార్టీ అని చూడకుండా లాటరీ తీసి ఇస్తాడట. నువ్వు బతికున్నంతకాలం అడిగింది అదే కదా! ఉండబట్టలేక బయటికొచ్చి, "పార్టీ చూడరా? నిజంగానా?" అన్నాను.

"చూడం తమ్ముడూ" అంటూనే నా మెడలో కండువా వేసేశాడు. చుట్టూ ఫోన్లు లేచాయి.

పొద్దున టీకొట్టు దగ్గర అవతలి పార్టీ మనిషి ఆ ఫోటో చూపించాడు. "ఏందిరా, ఆళ్ళల్లో చేరావంట? సాయంత్రం మావోడు నీ షెడ్డుకే వస్తన్నాడులే" అన్నాడు, నవ్వుతూనే.

కండువా మేకుకు వేలాడుతోంది. దాంతో గ్రీజు తుడవలేను, పారేయనూ లేను. సందు మొదట్లో డప్పులు వినిపిస్తున్నాయి. ట్రాక్టర్ బాగైతే రైతు మధ్యాహ్నమే తోలుకెళ్ళాడు. దూరడానికి షెడ్డులో ఇంకో బండి లేదు, బాబాయ్.