ఎనిమిదింటికి అందరూ పుస్తకం పట్టాల్సిందే!

జూన్ 1
శుభారంభం! ఈరోజు నుంచి మా ఇంట్లో రాత్రి ఎనిమిదింటి నుంచి తొమ్మిది దాకా పఠన గంట. టీవీ బంద్. ఫోన్లు బీరువాలో. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయికి పుస్తకాల పిచ్చి పట్టించి తీరతాను. చిన్నప్పుడు కథ చెప్పందే నా ఒళ్లోంచి దిగేది కాదు. ఇప్పుడు వైఫై పాస్‌వర్డ్ మారితేనే నాతో మాట్లాడుతుంది. నాకది బాధగా ఉంది, దాచుకోవడం ఎందుకు? పుస్తకం వంకనైనా అది మళ్లీ నా పక్కన కూర్చోవాలి.

నాది కళ్లజోళ్ల షాపు. ఊరందరికీ చదువుకునే అద్దాలు ఇచ్చేవాణ్ణి. నాకంటే అర్హుడెవడు?

"మీరు ఆఖరుసారి చదివింది షాపు గోడ మీది అక్షరాల చార్టు," అంది మా ఆవిడ. పట్టించుకోలేదు.

జూన్ 2
ఆరు లావుపాటి పుస్తకాలు కొన్నాను. అన్నీ క్రమశిక్షణ, లక్ష్యసాధన. అట్టలు వేశాను. నియమాలు: చేతులు కడుక్కుని ముట్టుకోవాలి. పేజీ మడవకూడదు. పడుకుని చదవకూడదు. పది పేజీలకోసారి సారాంశం రాసి నాకు చూపించాలి.

"ఇది పుస్తకమా, పరీక్షా నాన్నా?" అంది అమ్మాయి.

ఎంత చురుకైన పిల్లో!

జూన్ 5
8.00: ముగ్గురం కూర్చున్నాం.
8.10: నాలుగో పేజీ.
8.15: ఎవరిదో గురక. నాది కాదని నా వాదన. మిగతా ఇద్దరిదీ ఇంకో మాట.

జూన్ 9
షాపులో ఊపిరాడలేదు, అందుకే చదవలేదు. (వచ్చింది ఇద్దరు. ఒకాయన కళ్లజోడు మర ఊరికే బిగించుకుని పోయాడు.) బీరువా తాళంచెవి నా దగ్గరే ఉంది కాబట్టి అత్యవసరంగా ఫోన్ చూడాల్సొచ్చింది. బాత్రూంలో. బయటికొస్తే తలుపు దగ్గరే అమ్మాయి.

"స్కోరెంత నాన్నా?"

జూన్ 14
బీరువాలో ఇప్పుడు బట్టలే ఉంటున్నాయి. పుస్తకాలు మాత్రం భద్రం. ఒక్క అట్టా నలగలేదు.

జూన్ 20
ఘోరం! రేపు లెక్కల పరీక్ష. అమ్మాయి లెక్కల పుస్తకం మధ్యలో ఇంకో పుస్తకం పెట్టుకుని చదువుతోంది! బడి లైబ్రరీదట. ఓడలో వంటవాడు మాయమైపోయే కథ. అట్ట లేదు. మూలలన్నీ మడతలు. అదీ పడుకుని, చేతినిండా బిస్కెట్ పొడితో!

"పుస్తకాలు చదివి చెడిపోతున్నావే!" అని అరిచాను. లాక్కుని నా సంచిలో వేసుకున్నాను.

మా ఆవిడ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏమన్నారు? ఇంకోసారి అనండి."

నేను సంచి జిప్పు వేశాను.

అమ్మాయి ఏడవలేదు. వెళ్లి తలుపేసుకుంది. ఏడ్చినా బాగుండేది.

జూన్ 21
బేరాల్లేవు. ఆ చెత్త ఏమిటో తండ్రిగా తెలుసుకోవాలి కదా అని మొదటి పేజీ తెరిచాను.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చి కౌంటరు మీద కొట్టింది. "ఐదు నిమిషాలు కూర్చోండమ్మా," అన్నాను. వంటవాణ్ణి పీపాలో దాచిందెవరో తెలిసేలా ఉంది మరి! ఆవిడ ఎప్పుడు వెళ్లిపోయిందో చూసుకోలేదు.

జూన్ 22
సాయంత్రం డాబా మెట్ల మీద చదువుకుంటూ దొరికిపోయాను. తేలు కుట్టిన దొంగలా పుస్తకం వీపు వెనక్కి పెట్టాను.

"సారాంశం రాశావా?" అంది అమ్మాయి.

"ఇంకా అవలేదే."

"నీకంటే ఇరవై పేజీలు ముందున్నాను. పుస్తకం ఇస్తావా, వంటవాణ్ణి దాచిందెవరో చెప్పెయ్యనా?"

"నీకు పుణ్యముంటుంది, చెప్పకే తల్లీ!"

నాకు ఇవ్వబుద్ధి కాలేదు. దానికి వదలబుద్ధి కాలేదు. చివరికి విసుక్కుంటూ నా పక్కనే కూలబడింది. తాను చదివేసిన పేజీలే మళ్లీ నాతో చదివింది. ప్రతి పేజీ చివరా మోచేత్తో పొడిచేది, "తిప్పు నాన్నా" అని.

ఆ ఇరవై పేజీలూ కావాలనే నెమ్మదిగా చదివాను.

జూన్ 23
మళ్లీ శుభారంభం! ఎనిమిదింటికి పఠన గంట. ఈసారి నియమాలు అమ్మాయివి: నాన్న నియమాలు పెట్టకూడదు. నాన్న నిద్రపోతే ఆగేది లేదు. ఆ ఆరు పుస్తకాలూ కుంటి బల్ల కాలి కింద లక్ష్యసాధన చేస్తున్నాయి.

8.00: అమ్మాయి, నేను, బిస్కెట్లు.
8.05: మా ఆవిడ వచ్చింది. "కాస్త జరగండి, నాకు కనబడట్లేదు."