ఫ్రీజర్‌లో అడవి బ్లూబెర్రీలు

పూజ్యులు శాస్త్రిగారికి నమస్కారాలు.

ఫోన్‌లో అడుగుదామంటే పక్కనే మా ఆవిడ గిరిజ ఉంటుంది. అందుకని రాస్తున్నాను.

మా అమ్మాయి మేధ సంవత్సరీకానికి పిల్లకి ఇష్టమైనవి వండమన్నారు. గారెలు, పరమాన్నం మాకిష్టం గానీ అది తినేది కాదు. దానికిష్టం క్రంబుల్. బ్లూబెర్రీల మీద ఓట్స్, మైదా, వెన్న, చక్కెర పొడిపొడిగా కలిపి చల్లి, ఓవెన్‌లో పెడతారు. అందులో కోడిగుడ్డు వేయరు. విస్తట్లో వడ్డించవచ్చా?

పళ్లు ఇంట్లోనే ఉన్నాయి. ఉత్తర మిషిగన్‌లో చదువుకుంటూ, కిందటేడు ఆగస్టులో అక్కడి అడవిలో మేధే కోసి తెచ్చింది. సంచీలో కట్టి ఫ్రీజర్‌లో పెడుతూ, "అమ్మా, ఇది టచ్ చేయొద్దు. థాంక్స్‌గివింగ్‌కి నేనొచ్చాకే తీయాలి. నేనే బేక్ చేస్తా" అంది. ఆ పండక్కి వస్తుంటేనే దారిలో మంచు మీద కారు జారింది. ఇంటికి చేరలేదు.

గిరిజ కూరకి బఠాణీలు తీసేటప్పుడల్లా ఆ సంచీని పక్కకి జరిపి, మళ్లీ ఉన్నచోటే పెడుతుంది. నేను షాపు పళ్లతో రెండుసార్లు చేసి చూశాను. మొదటిది మాడింది. రెండోది బాగానే వచ్చింది గానీ ఇద్దరం తినలేకపోయాం.

ఆ సంచీ తీద్దామంటే మాత్రం, "అది రాకుండానా?" అంటుంది.

సంవత్సరీకం నాడు పిల్ల వస్తుందని మొన్న గుడిలో మీరు నాతో అన్నారు. ఆ మాట గిరిజకి కూడా ఒకసారి చెప్పండి.

ఇట్లు,
మేధ వాళ్ల నాన్న