లీటరున్నర తక్కువ

కల్వకుర్తి,
ఆదివారం.

బాపుకు,

నీ కొడుకు విజేందర్ దండాలు వెట్టి రాస్తున్న. ఈడ అమ్మ, నేను తిని తిరుగుతున్నం, పాణాలు మంచిగున్నయి. నీ పాణం ఎట్లున్నదో నిజం రాయి, "బాగనే ఉన్న" అని ఒక్క ముక్క రాసి ఊకోకు. క్వారీల డ్రిల్లు మిషిను కాడ చెవులల్ల దూది పెట్టుకుంటున్నవా? ఫోన్‌ల నేనెంత ఒర్రినా నీకు ఇనవడుతలేదు, నా పక్కనున్నోళ్లకే ఇనవడుతాంది. అందుకే కాయిదం పట్టిన. మేళ్లచెరువు చేరేటాళ్లకు నాలుగు దినాలైనా కానీ.

పోయిన ఉత్తరంల అడిగినవ్, "గేర్లే లేని కారుకు గేరు మెకానిక్ ఎందుకురా" అని. షెడ్డుల చదివితే అందరు నవ్విండ్రు. గేర్లు లేక కాదు బాపూ, ఆటోమేటిక్‌ల మనం ఏసే గేర్లు బండే ఏసుకుంటది. లోపల ఆయిలే చెయ్యి, ఆయిలే కాలు. క్లచ్చు పలకలను ఆయిలే నెట్టి పట్టుకుంటది. ఆయిల్ పాడైనా, తక్కువైనా పలకలు జారుతయి, జారి జారి మాడుతయి. షోరూమోడేమో "లైఫ్‌టైం ఆయిల్, మార్చే పనే లేదు" అంటడు. ఎవని లైఫు? వారంటీ అయిపోయే దాకనే వాని లైఫు! మొన్నొక టీచర్ సారు గా మాటనే పట్టుకొని నా మీదికొచ్చిండు. ఆయన బండిల పాత ఆయిల్ గ్లాసుల వట్టి ముక్కు కాడ పెట్టిన. మాడు వాసన. "సార్, గిది నువ్వు తాగుతవా? మరి బండికెందుకు తాపుతున్నవ్?" అన్న. కొత్తది పోపిచ్చుకొని పోయిండు.

నాకు ఎవ్వడు నేర్పలే, నీకెర్కనే. తుక్కు దుకాణంల కెళ్లి సచ్చిన గేరు బాక్సు తెచ్చి నాలుగుసార్లు ఇప్పిన, నాలుగుసార్లు కట్టిన. మూడుసార్లు బోల్టులు మిగిలినయి, నాలుగోసారి ఒక్కటి మిగల్లే. ఇయ్యాల ఈ శ్రీశైలం రోడ్డు మీద ఆటోమేటిక్ బండి ఇప్పే దమ్ము నాకొక్కనికే ఉన్నది. షెడ్డు ఓనరు గిరి సేటు ఎవరొచ్చినా "మా విజేందర్ చూస్తడు" అంటడు. బోర్డు మీద మాత్రం ఆయన పేరే. ఉండనీ.

ఇగ నువ్వడిగిన రెండోది. "మీ చెన్నయ్య మామ కాంట్రాక్టరు కాడ డ్రైవర్ పని ఇడిసి పత్తి మిల్లుల బోరాలు మోస్తున్నడట, నిజమేనా?" ఆ మాట రాయాల్సి వస్తదనే గింత సేపు వేరే ముచ్చట చెప్పిన. మామ ఇడువలే. తీసేసిండ్రు. నా వల్ల.

మామ తోలే కాంట్రాక్టరు సారు ఆటోమేటిక్ కారుకు ఆయిల్ మార్చింది నేనే. ట్రాక్టరుకు ఎట్ల చూస్తం? ఇంజను బందువెట్టి పక్క బోల్టు ఇప్పుతం, ఆయిల్ అంచుకొచ్చి కారితే నిండినట్టు. చెయ్యికి అదే అలవాటు. ఆటోమేటిక్‌కు అట్ల చూడొద్దు. ఇంజను నడుస్తుండాలె, ఆయిల్ ఎచ్చగుండాలె. బందువెడితే పైన తిరిగే ఆయిలంత కిందికి దిగి, నిండనిది నిండినట్టు కనవడ్తది. నాకు తెల్వదా? తెల్సు. ఆ దినం షెడ్డుల మూడు బండ్లు ఉండె, తొందర్ల చెయ్యి అలవాటు పడ్డ పనే చేసింది.

పదిహేను దినాలకు సారు కుటుంబం శ్రీశైలం బయలెల్లింది. మన్ననూరు దాటి ఘాటు రోడ్డు ఎక్కుతుంటే ఇంజను ఒర్రుతాంది, బండి కదుల్తలేదు. దారిన పోయేటోళ్లు ట్రాక్టరుతోని గుంజుతమంటే మామ వద్దన్నడట. "ఆటోమేటిక్ గుంజొద్దని మా అల్లుడు చెప్పిండు" అని లారీ మీద ఎక్కిచ్చి తెచ్చిండు. నేను ఇప్పి కొలిచిన. లీటరున్నర తక్కువ. పలకలు బొగ్గు.

నేను నోరు తెరిచేటాళ్లకే గిరి సేటు అన్నడు, "డ్రైవర్ దిగుడుల న్యూట్రల్ కొట్టి తోలి పలకలు మాడిచ్చిండు సార్, లారీ అలవాటు." మామకు లారీ మీద ఆ అలవాటు ఉండె, అందరికెర్కే. సారు నమ్మిండు, మామ చేతిల తాళం గుంజుకున్నడు. నేను ఎనిమిది దినాలు నోరు తెరువలే బాపూ. ఇంట్ల అమ్మ తన తమ్ముని పని పోయెనని ఏడుస్తుంటే పక్కన కూసొని బువ్వ తిన్న.

తర్వాత మామ బోరా దుమ్ముతోనే షెడ్డుకొచ్చిండు. కొట్లాటకొచ్చిండనుకున్న. మెల్లగ అడిగిండు, "అల్లుడా, నేనైతే న్యూట్రల్ కొట్టలే. ఏమో, కొట్టి మర్చిపోయిన్నా? నా చెయ్యి తప్పు చేసుంటదా?" ఇరవై ఏండ్లు లారీ తోలిన మనిషి, నేను చేసిన పనికి తన చెయ్యిని అనుమానవడ్తాండు.

అట్లనే మామను కాంట్రాక్టరు సారు ఇంటికి తీస్కపోయిన. "సార్, డ్రైవర్ తప్పు కాదు, నాది. ఆయిల్ తక్కువ పోసిన" అన్న.

"మరి ఇన్ని దినాలు ఏం చేస్తున్నవ్?"

"భయపడ్డ సార్. ఇగ పడ. నేనే ఇప్పి నేనే కడత."

గిరి సేటు షెడ్డుల కాలు పెట్టొద్దన్నడు. "నేను పోతే గీ బాక్సు ఎవడు కడతడు, నువ్వా?" అన్న. పొద్దుగూకే దాకా మొకం మాడ్చుకొని తెల్లారి తాళంచెవి ఇచ్చిండు. వారం పట్టింది. పలకలన్నీ కొత్తయి ఏసిన, ఒక్క బోల్టు మిగల్లే. ఇంజను నడుస్తుంటే, ఎచ్చగైనంక, సాపు జాగల ఆయిల్ చూసిన. అదే ఘాటు మామతోనే ఎక్కిపిచ్చిన. గుర్రం లెక్క ఎక్కింది. సారు మామను మళ్ల పనిల పెట్టుకున్నడు.

నిన్న అదే కారు చూపిద్దామని మామ షెడ్డుకు తెచ్చిండు. సంబరపడ్డ. "నమ్మి రాలే, ఎట్ల చూస్తవో చూద్దమని వచ్చిన" అని, నేను బోల్టు బిగించే దాకా పక్కన గొంతుకూసొని కండ్లు తిప్పలే.

నువ్వు నన్ను తిడుతూ రాయి, బాధలేదు. పని మాత్రం ఇడువ. ఇగ ఎవని బండైనా నేను చూసిన్నంటే చూసినట్టే.

మడత పెట్టేముందు ఈ కాయిదం మామకు చదివి వినిపిచ్చిన. అంత ఇన్నడు. "అన్నీ సరిగనే రాసినవ్. ఎనిమిది దినాలు కాదు, తొమ్మిది. బోరాలు మోసినోన్ని నాకెర్క" అని లేచిపోయిండు.

తొమ్మిదే బాపూ. దిద్దుకొని చదువు.

ఇట్లు,
నీ కొడుకు,
విజేందర్