నలగని నిమ్మకాయ

భన్‌పురి, రాయ్‌పూర్

మావయ్య గారికి నమస్కారం.

చెడిపోయిన లారీలను లాగడానికి మనం కొనే ట్రక్కు గ్యాసుదైతేనే అప్పు కాగితాల మీద సంతకం పెడతానని మీరు ఫోనులో అన్నారు. అప్పటినుంచి పిన్ని ఆ మాటే ఎత్తడం లేదు. తను డీజిలుదే కావాలని ఎందుకంటున్నదో మీకు తెలియాలని, తనకు చెప్పకుండా రాస్తున్నాను. ఎదురుగా అయితే నేను చెప్పలేను.

మీరన్నట్టు గ్యాసుకు ఖర్చు తక్కువ, చప్పుడూ తక్కువ. మొదట పిన్నీ అదే తీసుకుందామంది. మొన్న షోరూము నుంచి గ్యాసుదీ డీజిలుదీ రెండు ట్రక్కులనూ సిల్తారా ఫ్యాక్టరీ వెనక ఎత్తు రోడ్డుకు రప్పించింది. ఇనుము నింపిన ట్రైలరును ఒకదాని తర్వాత ఒకదానికి తగిలించి, ఎత్తు మధ్యలో ఆపించి, వెనక చక్రానికి వెనకవైపు ఆనించి ఒక్కో నిమ్మకాయ పెట్టింది. రెండూ మన డ్రైవరు దుర్గారావే నడిపాడు.

గ్యాసు ట్రక్కు కాస్త వెనక్కి జారి, ఆ తర్వాతే ఎక్కింది. కాయ నలిగింది.

"ఇత్‌నా తో చల్తా హై, మేడమ్," అని షోరూమతను, ఆ మాత్రం ఫరవాలేదన్నట్టు నవ్వాడు.

"నీకు చల్తాది బాబూ. మా గొలుసుకి ఇంకొకడి లారీ ఉంటాది. దాని వెనక ఎవుడుంటాడో!" అంది పిన్ని.

డీజిలు ట్రక్కు జారలేదు.

ఇన్ని పుస్తకాలు చదివిన నాకు ఆ పరీక్ష తట్టి ఉండేది కాదు.

నలగని కాయను పిన్ని దేవుడి గూట్లో పెట్టింది. కొత్త బండి పూజనాడు దాన్ని మీ చేతే చక్రం కింద పెట్టించాలట. అది ఎండిపోయేలోగా వస్తారా?

మీ మేనకోడలు